అన్నం ముద్ద దిగాలంటే సెల్లు కావాలంటున్నాడు (మూడున్నరేళ్ళ బాబు) – మీ ఇళ్ళలో ఏం చేస్తున్నారు?

నరసన్నపేట_కోడలు | శుక్రవారం రాత్రి 10:14

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదవడమే గాని, నేను రాయడం ఇదే మొదలు.

మా బాబుకి మూడున్నరేళ్ళు. కంచం కనబడితే చాలు "సెల్లు" అంటాడు. స్టీలు చెంబుకి ఫోను ఆనించి బొమ్మల పాటలు పెడితే నోరు తెరుస్తాడు. మధ్యలో ప్రకటన వచ్చిందా, ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది. బుగ్గ ఉబ్బించుకుని నా వేలికేసి చూస్తుంటాడు, స్కిప్ నొక్కుతానా లేదా అని. నొక్కాకే నమలడం. తిన్నాక "ఏం కూరరా?" అని అడిగితే చెప్పలేడు.

మావారిది పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీ, వారానికోసారి వస్తారు. ఇంట్లో అత్తగారు, మావగారు, నేను. నేను జాకెట్లు కుడతాను. మిషను మీద ఉన్నంతసేపూ వాడు అత్తగారి దగ్గర, అంటే అత్తగారి ఫోను దగ్గర. వద్దంటే "ఒక్కగానొక్క మనవడు, తినకపోతే ఎలాగమ్మా" అంటారు. వాడు నేర్చుకున్నవీ ఉన్నాయి, రంగుల పేర్లన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తాడు. అందుకే తేల్చుకోలేకపోతున్నా.

ఒక్కసారే మాన్పించెయ్యాలా, మెల్లగానా? రోజుకి ఎంతసేపైతే ఫర్లేదు? అత్తగారికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి?

ఆమదాలవలస_మాష్టారు | శుక్రవారం రాత్రి 10:51

అమ్మా, దీనికి మందు ఒక్కటే. ఫోను బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. మా చిన్నప్పుడు అన్నం తినకపోతే మా అమ్మ కంచం తీసేసేది. సాయంత్రానికి మేమే అడుక్కుని తినేవాళ్ళం. బడి వదిలితే నాగావళి ఇసకలో ఏడుపెంకులాట, కర్రాబిళ్ళా. ఇప్పటి తల్లులకి ఓపిక లేక పిల్లల చేతికి ఫోను ఇచ్చేసి, తర్వాత ఇక్కడికొచ్చి బాధపడుతున్నారు.

ఉద్దానం_కొబ్బరి | శుక్రవారం రాత్రి 11:08

మాష్టారూ, దండాలు. మీ అమ్మగారు కంచం తీసేసినపుడు ఇంట్లో పెద్దమ్మ, పిన్ని, మేనత్త, పక్కింటి మామ్మ అందరూ ఉండుంటారు. ఒకరు తిడితే ఇంకొకరు చాటుగా బెల్లం ముక్క పెట్టీవోరు. ఈ చెల్లి ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో గుంటడు. ఓపిక లేదనీకండి.

ఇంకో మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినపుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనుల్లేవు. ఊళ్ళో ఒకాయన "చూసారా, పిల్లలెంత బాగా ఆడుకుంతన్నారో" అన్నాడు. ఆడుకున్నారు నిజమే. మేము మాత్రం బిందెలట్టుకుని తాగునీళ్ళ కోసం తిరుగుతున్నాం, పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కెట్టుకుంటున్నాం. సెల్లు లేని రోజులన్నీ బంగారం రోజులు కావు మాష్టారూ.

అడ్మిన్ | శుక్రవారం రాత్రి 11:20

తల్లులని అనడం, మాష్టార్ని ఆటపట్టించడం రెండూ ఇక్కడితో ఆపుదాం. అడిగిన మూడు ప్రశ్నలకి తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇజీనారం_డాక్టరు | శనివారం ఉదయం 6:35

పిల్లల డాక్టర్ని. బాబుని చూడకుండా మందులు చెప్పను, మిగతావి చెప్తాను.

ముందు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళ లోపు పిల్లల కోసం సూచనలిచ్చింది. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెప్పేదీ దాదాపు ఇదే. రెండేళ్ళ లోపు వాళ్ళకి అయినవాళ్ళతో అప్పుడప్పుడూ వీడియో కాల్ మాత్రం పర్వాలేదు, అయిదు నుంచి పదేళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపు. అందరూ ఈ గంట మాట ఒక్కటే పట్టుకుంటారు. అవే సూచనల్లో మూడు నాలుగేళ్ళ పిల్లలకి రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాల కదలిక, 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని కూడా ఉంది. ఓపీలో నేను మొదట అడిగేది ఎంతసేపు చూశాడని కాదు. ఎంతసేపు గెంతాడు, ఎన్నింటికి పడుకున్నాడు అని.

ఇక తిండి. తెర చూస్తూ తినే పిల్లకి కడుపు నిండిందో లేదో తెలీదు. కొందరు ఎక్కువ తింటారు, కొందరు మీవాడిలా ముద్ద బుగ్గలో దాచుకుంటారు. నోట్లో ముద్ద పెట్టుకుని ధ్యాస ఎక్కడో ఉంటే పొలమారే ప్రమాదం కూడా. కాబట్టి గంటలో ఎంత కోస్తారన్నది తర్వాత, మొదట కోయాల్సింది కంచం దగ్గర తెర. రెండోది, పడుకునే ముందు గంటసేపు తెర.

ఒక సంగతి చూసుకోండి. రోజుకి ఎన్ని గ్లాసుల పాలు తాగుతున్నాడు? మధ్యలో బిస్కెట్లు ఎన్ని? పాలతోనే కడుపు నింపుకునే పిల్లలు అన్నం దగ్గర మొరాయిస్తారు, రక్తం కూడా తగ్గుతుంది. "తినడం లేదు" అని తీసుకొచ్చే పిల్లల్లో చాలామంది నిజానికి తింటూనే ఉంటారు, అన్నం కాదంతే. అంగన్‌వాడీలో బరువు తూయించి కార్డులో ఎదుగుదల గీత చూడండి. గీత బాగుంటే ఒక పూట తక్కువ తిన్నంత మాత్రాన ఏమీ కాదని అత్తగారికి ఆ కార్డు చూపించే చెప్పొచ్చు.

రంగుల పేర్లు బాగానే నేర్చాడు. ఈసారి వంకాయ చేతిలో పెట్టి రంగు అడగండి. తెర మీద చూసినదాన్ని ఎదుటి వస్తువుతో కలుపుకోవడం రెండు, రెండున్నరేళ్ళ లోపు పిల్లలకి చాలా కష్టం. మూడు దాటాక నేర్చుకుంటారు. పక్కన పెద్దవాళ్ళు కూర్చుని "అదేంటి? మన పెరట్లో ఉందా అలాంటిది?" అని మాట కలిపితే ఇంకా బాగా నేర్చుకుంటారు.

నరసన్నపేట_కోడలు | శనివారం ఉదయం 7:12

డాక్టరు గారూ, పాలు రోజూ మూడు పెద్ద గ్లాసులు. పడుకునే ముందు ఒకటి, లేవగానే ఒకటి, మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదని ఒకటి. ఇప్పుడు రాస్తుంటేనే అర్థమవుతోంది.

వంకాయ చూపించాను. "వంకాయ" అన్నాడు. రంగు అడిగితే సెల్లు అడిగాడు.

సెల్_రిపేరు_శ్రీకాకుళం | శనివారం ఉదయం 9:40

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న షాపు నాది. డిస్‌ప్లే పగిలిందని వచ్చే ఫోనుల్లో సగం పిల్లలు పడేసినవే, నాకు గిరాకీ కాబట్టి చెప్పకూడదు గాని చెప్తున్నా.

ఒకటి, ఆటోప్లే. ఒక వీడియో అవగానే రెండోది దానంతటదే మొదలవడం. పిల్లాడు మొండివాడని తిడతారు గాని, ఆపడానికి ఒక చివరంటూ ఉండాలి కదా. మామూలు యూట్యూబ్‌లో వీడియో పైనే ఆ మీట ఉంటుంది, ఆపెయ్యండి. కొంచెం మొహం మాడుస్తాడు, కానీ "అయిపోయింది" అన్న మాటకి అర్థం వస్తుంది.

రెండు, అత్తగారి అకౌంటుతో పిల్లాడికి పెట్టకండి. ఆవిడ చూసినదాన్ని బట్టీ, వాడు నొక్కినదాన్ని బట్టీ తర్వాతవి వస్తాయి. ఆవిడ సీరియల్ హత్యలూ వాడి కుక్కపిల్ల పాటలూ ఒకే వరసలో. పిల్లల కోసం యూట్యూబ్ కిడ్స్ అని వేరే ఉంది. పెట్టేటప్పుడు వయసు అడుగుతుంది, నాలుగేళ్ళు, ఆ లోపు అన్నది ఎంచుకోండి. సెర్చ్ తీసెయ్యండి. "నేను ఒప్పుకున్న వీడియోలే" అన్న పద్ధతి కూడా ఉంది. కూర్చుని ఓపిగ్గా ఓ పాతిక ఎంచితే అవే కనిపిస్తాయి. కింద తాళం బొమ్మ నొక్కితే టైమరు. అది గుణకారం లెక్క అడుగుతుంది కాబట్టి మూడేళ్ళవాడు తియ్యలేడు. ఎనిమిదేళ్ళ అక్క ఉంటే తీసేస్తుంది, అప్పుడు సొంత నంబరు పెట్టుకోండి.

మూడు, ఫోను ఇవ్వక తప్పనప్పుడు స్క్రీన్ పిన్నింగ్ (కొత్త ఫోనుల్లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది). ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో సెక్యూరిటీలో ఉంటుంది, "పిన్ అడిగాకే తియ్యాలి" అన్నది కూడా పెట్టాలి. అప్పుడు ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేడు. బ్యాంకు మెసేజీలకీ, ఫోన్‌పేకీ, వాట్సాప్‌లో మీ ఆడపడుచుకి వాయిస్ మెసేజీలు వెళ్ళడానికీ అడ్డుకట్ట. ఐఫోన్‌లో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది.

నాలుగు, ప్యాటర్న్ లాక్ పెట్టి ధీమాగా ఉండకండి. కొబ్బరినూనె చేత్తో గీసిన గీత అద్దం మీద అలాగే ఉంటుంది, పిల్లలు దాని మీదే వేలు పోనిస్తారు. నా కళ్ళ ముందే ఒక చిన్న గుంట, ఆడపిల్ల, తాతగారి ఫోను అలాగే తీసింది. నంబరు పెట్టుకోండి.

చీపురుపల్లి_నాన్న | శనివారం ఉదయం 10:25

నాది ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. నా సలహా, ఇవన్నీ చేత్తో చేసే బదులు పాత ఫోను ఒకటి బాబుకి కేటాయించి గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి. పిల్ల పేరుతో అకౌంటు, అమ్మానాన్నల ఫోనులో పర్యవేక్షణ. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి మూతపడాలి, ఏ యాప్ దిగాలన్నా మన అనుమతి. మా పాపకి ఆరేళ్ళు, టైము అయిపోగానే తెర మూతపడుతుంది. "నాన్న ఆపలేదు, ఫోనే పడుకుంది" అంటుంది. గొడవ లేదు.

ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం మరచిపోవద్దు. ఉచితం అన్న ఆటల్లో నాణేలు, కత్తులు, బట్టలు అంటూ లోపల డబ్బు అడుగుతాయి.

బొబ్బిలి_టీచరు | శనివారం మధ్యాహ్నం 1:30

చీపురుపల్లి తమ్ముడూ, ఆరేళ్ళ పాపకి నీ పద్ధతి బాగానే ఉంది. మూడున్నరేళ్ళవాడికి సొంత ఫోను అనగానే నాకు ఒప్పలేదు. టైమరు తెరని మూస్తుంది, మూసిన తర్వాత పిల్లాడు ఏం చెయ్యాలో అది చెప్పదు. ఆ ఏడుపు పట్టుకునేది మళ్ళీ వాళ్ళమ్మే. "ఫోనే పడుకుంది" అన్న మాట ముద్దుగానే ఉంది గాని, నాన్న "చాలమ్మా" అంటే ఆగడం కూడా ఆ పాపకి రావాలి కదా.

మా బడి సంగతి చెప్తాను. ఒకటో తరగతి హోంవర్కు వాట్సాప్ గ్రూపులో పడుతుంది. రాసుకోవడానికి పిల్ల ఫోను పట్టుకుంటుంది, రాయడం పది నిమిషాలు, తర్వాత అరగంట ఏం చూసిందో ఎవరికీ తెలీదు. అమ్మలకి నేను చెప్పేది ఒకటే. ఫోనులో ఉన్నది మీరు చూసి, డైరీలో మీ చేత్తో రాసి, డైరీ పిల్లకివ్వండి. కరోనా రోజుల్లో కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ఇచ్చిన ప్రజ్ఞాత సూచనల్లో కూడా బడికి ముందు వయసు పిల్లలకి ఆన్‌లైన్ రోజుకి 30 నిమిషాలు మించొద్దన్నారు. బడులు మూతపడిన కాలంలోనే అంత గీత గీస్తే, బడి తెరిచాక ఇంకా తక్కువ ఉండాలి కదా.

తెర ఉన్నా మాట పెరిగే దారులు లేకపోలేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. తెలుగులో బొమ్మల కథలు ఉచితం, పేజీ మనమే తిప్పాలి, దానంతటది పరిగెత్తదు. ఒడిలో కూర్చోబెట్టుకుని ఒక బొమ్మ దగ్గర ఎంతసేపైనా ఆగొచ్చు. నచ్చినది జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుంటే ఫోను అవసరమే లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2023లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం జాదుయీ పిటారా అని బొమ్మలు, పజిళ్ళు, తోలుబొమ్మల్లాంటివి ఉన్న పెట్టె తెచ్చింది. అందులో ఉన్నవాటిలో సగం మనింట్లో అట్టముక్కలతో చెయ్యొచ్చు.

గార_తీరం | శనివారం సాయంత్రం 4:05

నా సంగతి వేరు. మావోరు చేపల వేటకి గుజరాత్‌లో వెరావల్ పోతారు. ఆగస్టులో పోతే మళ్ళీ ఎండాకాలం ఆఖరికే రావడం. బోటు సముద్రంలో ఉన్నన్ని రోజులు సిగ్నలు ఉండదు, ఒడ్డుకొచ్చినపుడే ఫోను. అది పొద్దున్న కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. నా బాబుకి రెండేళ్ళు దాటింది. వాడికి నాన్నంటే సెల్లే. పక్కింటోళ్ళ ఫోను మోగినా "నాన్న" అని పరిగెడతాడు. వాడి చేతిలోంచి సెల్లు లాక్కోమని మీరంటే నాకు మనసొప్పదు.

డాక్టరు గారు వీడియో కాల్ పర్వాలేదన్నారు, అది చదివాక ప్రాణం లేచొచ్చింది. మేము ఏం చేస్తామంటే మావోరి నంబరుకి వేరే రింగు పెట్టాం. ఆ రింగు వస్తే ఫోను వాడిది, వేరే రింగు అమ్మది. మొదట్లో కాల్లో వాడు తెరకేసి చూసి ఊరుకునీవోడు, మావోరేమో "ఎలగున్నావురా" అని అడిగిందే అడిగీవోరు. ఇప్పుడు ముందుగానే వాడి చేతిలో ఏదో ఒకటి పెడతాను, గవ్వో, ఎండుచేపో, కొత్త చొక్కాయో. అది చూపిస్తాడు. ఆయన బోటు మీద వల చూపిస్తాడు, ఐసు చూపిస్తాడు. మాట నడుస్తాది. అయ్యాక ఫోను నా చీర కొంగులోకి. పాటలు గీటలు ఆ ఫోనులో పెట్టను, వాటికి టీవీ ఉంది.

ఇజీనారం_డాక్టరు | శనివారం రాత్రి 9:15

గార తీరం అమ్మా, నేను రాయాలనుకున్నది నువ్వు చేసి చూపించావు. ఎదుటి మనిషి వీడి మాటకి బదులిస్తున్నాడు, వీడి చేతిలో గవ్వ చూసి నవ్వుతున్నాడు. పాటల వీడియోలో ఆ బదులు లేదు. రెండూ ఒకే తెర మీద కనబడతాయి గాని ఒకటి కాదు.

మాట సంగతి వచ్చింది కాబట్టి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి ("అమ్మ దా", "పాలు వద్దు" లాంటివి) అనకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, వేలు పెట్టి చూపించడం లేకపోతే "సెల్లు మాన్పిస్తే అదే వస్తుంది" అని కూర్చోకండి. వినికిడి పరీక్ష చేయించాలి, ఎదుగుదల చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇందుకే ఉంది. అంగన్‌వాడీ టీచర్నో ఆశా కార్యకర్తనో అడిగితే ఎక్కడికెళ్ళాలో చెప్తారు, డబ్బు ఖర్చు లేదు.

మామ్మ_మాట (మనవరాలు టైపు చేస్తోంది) | ఆదివారం ఉదయం 8:20

మాది గజపతినగరం దగ్గర. ఇదంతా మా మామ్మకి చదివి వినిపించాను. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"మీరందరూ కోడళ్ళ బాధే రాస్తన్నారు, అత్త మాట ఎవులూ అడగట్లేదు. నాకు మోకాళ్ళు నొప్పులు. గుంటడు గేటు దాటి రోడ్డు మీదికి పరిగెడితే నాను ఎనక పరిగెట్టగల్నా? లారీలు తిరుగుతన్నాయి. సెల్లు సేతిలో ఎట్టితే కూకున్నకాడ కూకుంటాడు, నా కళ్ళ ముందుంటాడు. సెడిపోవాలని ఇచ్చీసినానా? సెల్లు ఇవ్వొద్దంతే సరి, మరి నాను వాణ్ణి ఎలగ కూకోబెట్టాలో కూడా సెప్పండి. ఆ కోడలు అత్తని ఒక్క మాటా అడగలేదు, నీకు ఏటి కష్టంగా ఉంది అని."

(మామ్మ ఇంకా కొన్ని అంది, అవి అడ్మిన్ గారు తీసేస్తారని రాయలేదు.)

ఉద్దానం_కొబ్బరి | ఆదివారం ఉదయం 8:34

మామ్మా, కాళ్ళకి దండం. ఇన్ని పోస్టుల్లో అసలు సంగతి నువ్వే సెప్పినావు.

ఆమదాలవలస_మాష్టారు | ఆదివారం ఉదయం 9:02

మామ్మగారు చెప్పింది సబబు. కూర్చునే ఆడించేవి బోలెడు ఉన్నాయి. చింతపిక్కలు ఇచ్చి వామనగుంటలు, అష్టాచెమ్మా నేర్పండి. లెక్క కూడా వస్తుంది.

ఇజీనారం_డాక్టరు | ఆదివారం ఉదయం 9:10

మాష్టారూ, అయిదారేళ్ళు దాటినవాళ్ళకైతే శుభ్రంగా నేర్పండి. మూడేళ్ళవాడికి పిక్కలు వద్దండి. ముక్కులో, చెవిలో పెట్టుకుని వచ్చేవాళ్ళని తరచూ చూస్తుంటాం, గొంతులో పడితే ప్రాణం మీదికొస్తుంది. జీడిపిక్కలు, శనగగింజలు, బటన్ బ్యాటరీలు, అన్నీ అంతే.

కూర్చునే పనులు కావాలంటే: గుప్పెడు చపాతీ పిండో చోడిపిండి (రాగిపిండి) ముద్దో, చీపురుపుల్ల ముక్క ఒకటి. మామ్మ ఆకుకూర ఏరుతుంటే వేర్లు ఒకవైపు, ఆకులు ఒకవైపు. బీరకాయలూ బెండకాయలూ బుట్టలోంచి తీసి వరసపెట్టడం. ఒక బకెట్లో నీళ్ళు, రెండు గ్లాసులు, అయితే పక్కన మనిషి కదలకుండా ఉండాలి, అయిపోగానే బకెట్టు బోర్లించాలి. ముందు ఆ గేటుకి గొళ్ళెం పైకి బిగించండి. మామ్మగారికి సగం భయం తీరుతుంది.

సెల్_రిపేరు_శ్రీకాకుళం | ఆదివారం మధ్యాహ్నం 12:15

ఒక అమ్మగారు నిన్న షాపులో అడిగారు, "పిల్లల వీడియోలకి ప్రభుత్వాలేం చెయ్యవా?" అని. చేసింది ఉంది. పిల్లల సమాచారం తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించి ప్రకటనలకి వాడుకున్నారని అమెరికాలో 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్‌ల మీద 17 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2020 జనవరి నుంచి పిల్లల వీడియో అని గుర్తు వేసినవాటికి కామెంట్లు, మనిషిని బట్టి చూపించే ప్రకటనలు తీసేశారు. మన దగ్గర 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళందర్నీ పిల్లలనే అంటుంది, వాళ్ళ డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం మంచిదే. కానీ పిల్లాడు అమ్మ అకౌంటుతో ఆ గుర్తు లేని వీడియోలు చూస్తున్నంతసేపూ ఆ యాప్ లెక్కలో వాడు ముప్పై ఏళ్ళ ఆడమనిషే, ఇవేవీ వాడికి అక్కరకి రావు. అందుకే వేరే ప్రొఫైల్ పెట్టమని మొత్తుకునేది.

బొబ్బిలి_టీచరు | ఆదివారం మధ్యాహ్నం 2:40

పెద్దవాళ్ళ ఫోనుల మాట కూడా ఎవరో ఒకరు అనాలి కదా. మొన్న విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వెళ్ళాం. మూడు లాంతర్ల దగ్గర జనం. మా ముందు ఒకాయన భుజం మీద పాప. సిరిమాను వచ్చేసరికి ఆయన రెండు చేతులూ ఎత్తి వీడియో తీస్తున్నాడు, పాపేమో ఆయన తల పట్టుకుని, ముందువాళ్ళు ఎత్తిన ఫోనుల్లో సిరిమాను చూస్తోంది. "నాన్నా ఏదీ" అంటే "ఇంటికెళ్ళాక చూపిస్తాలే" అన్నాడు.

చీపురుపల్లి_నాన్న | ఆదివారం మధ్యాహ్నం 3:05

టీచరుగారూ, అది నేను కాదు గాని, నేనైనా అంతే చేసేవాణ్ణి. నా పని మొత్తం తెర మీదే. పాప దృష్టిలో నేను పనిచేస్తున్నానో ఆడుకుంటున్నానో ఎలా తెలుస్తుంది? అందుకని ల్యాప్‌టాప్ అయితే పని, ఫోను అయితే కాదు అని చెప్పి పెట్టాను. ఇప్పుడు భోజనం దగ్గర ఫోను తీస్తే "నీకు టైము అయిపోయింది" అంటోంది.

నరసన్నపేట_కోడలు | బుధవారం రాత్రి 9:50

అందరికీ పేరుపేరునా దండాలు. మామ్మ మాట చదివాక అదే రోజు అత్తగారి పక్కన కూర్చుని అడిగాను, నీకేది కష్టంగా ఉందత్తా అని. ఆవిడకి మోకాళ్ళ కన్నా ఎక్కువ బాధ వేరే ఉందట. వాడు తినకపోతే మావారు ఫోను చేసి "వాడు తిన్నాడా" అని మొదట ఆవిణ్ణే అడుగుతారట. లేదని చెప్పడానికి ఆవిడకి మొహం చెల్లట్లేదట. నాకు ఈ సంగతే తెలీదు.

అంగన్‌వాడీ కార్డు తెచ్చి చూపించాం. గీత బాగానే ఉంది. పాలు ఒక గ్లాసుకి దించాను. అన్నం ఇప్పుడు వాకిట్లో, మావగారితో కలిపి, వాడి కంచం వాడికే, వాడి చేత్తో. మొదట్లో పెద్ద రాద్ధాంతం చేశాడు, కంచం తోసేశాడు, ఒక పూట నీళ్ళు తాగి పడుకున్నాడు. అత్తగారు చాటుగా ఒకసారి ఫోను ఇచ్చారు కూడా, నేను చూసీ చూడనట్టు మిషను తొక్కుకున్నాను. ఇప్పుడు సగం తింటాడు, సగం కోడిపిల్లలకి పెడతాడు. నేల మీద మెతుకులు ఊడ్చుకోవడం నా పని. కానీ నిన్న "బీరకాయ వద్దు, పప్పు" అన్నాడు. ఏం తింటున్నాడో చూస్తున్నాడన్నమాట.

పూర్తిగా మాన్పించలేదు. సాయంత్రం నిద్రలేచాక అత్తగారితో కలిసి టీవీలో, నేను ఎంచి పెట్టినవి. ఆవిడ ఊరుకోరు కదా, "ఆ ఏనుగు మన సింహాచలం ఏనుగులా లేదూ" అంటూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. అయిపోగానే వాడే మీట నొక్కాలి. ఆ మీట నొక్కే ఆశకే లేస్తున్నాడనిపిస్తోంది. గేటుకి గొళ్ళెం పైకి పెట్టించాం.

ఇంక మిగిలింది మావారు. వారానికోసారి వస్తారు, పిల్లాడి మీద బెంగతో, వస్తూనే ఫోను వాడి చేతిలో పెట్టి పక్కన పడుకుంటారు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషిని ఏమనను? ఆదివారం ఒక్కరోజుకి మిగతా వారమంతా పోతుందేమోనని భయం.

ఉద్దానం_కొబ్బరి | బుధవారం రాత్రి 10:02

ఈసారి బావగారికి కూడా స్క్రీన్ పిన్నింగ్ పెట్టీ చెల్లీ.

గార_తీరం | బుధవారం రాత్రి 10:11

మావోరు వచ్చిన కొత్తలో ఇదే. బిడ్డతో ఏం మాట్లాడాలో మగాళ్ళకి తెలీదు, సెల్లు ఇస్తే బిడ్డ దగ్గరకొస్తాడు కదా అని ఇస్తారు. కోప్పడొద్దు. ముందు కాసేపు పడుకోనీ. లేచాక స్నానం ఆయన చేత చేయించు. నీళ్ళలో ఫోను పట్టుకోలేరు ఇద్దరూ.

బొబ్బిలి_టీచరు | బుధవారం రాత్రి 10:20

సాయంత్రం టీవీ దగ్గర ఆ ఆదివారం అత్తగారి బదులు ఆయన్ని కూర్చోబెట్టండి. వద్దనే మాట లేకుండా జరిగిపోతుంది.

సెల్_రిపేరు_శ్రీకాకుళం | బుధవారం రాత్రి 10:31

ఆయన ఫోనులో కూడా పిల్లాడి ప్రొఫైల్ పెట్టుకోవాలి, లేదంటే ఆ ఒక్కరోజు చూసినవే వారమంతా వస్తాయి. శ్రీకాకుళం వచ్చే పని ఉంటే ఫోను తెమ్మనండి, ఊరికే చేసిస్తాను. ఆదివారం మధ్యాహ్నం దాకే షాపు తీసి ఉంటుంది.

నరసన్నపేట_కోడలు | బుధవారం రాత్రి 10:40

స్నానం సంగతి బాగుందక్కా. షాపుకి ఈ ఆదివారమే పంపిస్తాను అన్నయ్యా, అద్దం కూడా పగిలింది, దానికెంతవుతుందో చెప్పండి.